పోటు అలికే వంటిల్లు

వంట ఎప్పుడూ ఆటుకి బయటపడ్డ రాళ్ళ మీదే.
బూట్ల కింద ఆల్చిప్పలు పటపటమంటాయి.
ఇంకో ఆరు గంటల్లో ఇక్కడ మూడు నిలువుల నీళ్ళు.
రాలిన మెతుకు, గిన్నె కడిగిన నీళ్ళు,
పెనం మీంచి చిట్లిన సాల్మన్ నూనె,
అన్నిటినీ సముద్రమే వచ్చి ఎంగిలెత్తి అలికిపోతుంది.
ఇంత శుభ్రమైన వంటిల్లు
మా వర్నా అత్త కూడా ఉంచలేదు.
ఆవిడే నేర్పింది మరి.

అలాస్కాలో మా ఈ దీవిలో
మనుషులకంటే ఎలుగులే ఎక్కువ.
అత్త ఆ మాట పైకి అనదు.
"పెద్దాయన వింటాడు" అంటుంది,
పక్కగదిలో మావగారు పడుకున్నట్టు గొంతు తగ్గించి.

డబ్బాలు నల్లటివి, గుండ్రటివి,
పంజాకి పట్టు దొరకనివి.
మూత తిప్పాలంటే నాణెం కావాలి.
పెద్దాయన దగ్గర చిల్లర ఉండదు.
కయాక్ కడుపులో ఓ పట్టాన దూరవు,
మోకాలితో తొయ్యాలి, ఓ తిట్టు తిట్టాలి.
అలాగని తిండిని రాత్రి కయాక్‌లోనే వదిలేస్తే
పొద్దున్నకి పడవ ఉండదు, పెంకులుంటాయి.
గుడారాలు ఒక మూల, పొయ్యి ఒక మూల, డబ్బాలు ఒక మూల,
నడుమ వందేసి అంగలు.

డులూత్ నుంచి వచ్చిన హెల్‌స్ట్రమ్ గారు
నలభై ఏళ్ళు పళ్ళు పీకి రిటైరయిన మనిషి.
జున్ను ఇచ్చాడు, ఎండుద్రాక్ష ఇచ్చాడు,
దగ్గు బిళ్ళలు కూడా గొణుక్కుంటూ ఇచ్చాడు.
టూత్‌పేస్టు దగ్గర మొండికేశాడు.
"అది తిండి కాదమ్మాయ్."
"మీకు కాదు."
ఆయన గుడారంలోకి వెళ్ళి జిప్పు వేసుకున్నాడు.

చెప్పాలా వద్దా అనుకున్నాను.
చివరికి ఆ జిప్పుతోనే చెప్పాను.

నాకు పంతొమ్మిదప్పుడు
లైఫ్‌జాకెట్ జేబులో ఎండుచేప ముక్క మర్చిపోయాను.
వేలెడంత.
ఎడమ భుజం మీద గడ్డిరంగు మచ్చ ఉన్న కుర్రాడొకడు వచ్చి
జాకెట్ చీల్చి, ముక్క తిని, తన దారిన పోయాడు.
ఎవరికీ గీత కూడా పడలేదు. మేం నవ్వుకున్నాం.
వాడు మాత్రం ఓ చదువు నేర్చుకున్నాడు:
ఎర్రగుడ్డలో చేప ఉంటుంది.
ఆగస్టులో మూడు మకాముల్లో ఎర్రగుడ్డలు చీల్చాడు.
సెప్టెంబరులో, పాత క్యానరీ రేవులో,
ఎర్రకోటు వేసుకున్న పిల్ల వైపు నడిచాడు.
పిల్లకేం కాలేదు.
తుపాకి పట్టినవాడు మంచివాడే, చేతులు వణికాయట,
రెండు గుళ్ళు పట్టాయి.

అత్త నన్ను తీసుకెళ్ళి చూపించింది.
ఒక్క మాట అనలేదు.
వాడి పక్కన తడి చెక్కల మీద కూర్చుని
మా భాషలో చాలాసేపు వాడితో మాట్లాడింది.
అందులో నాకు అర్థమైంది నా పేరొక్కటే.

జిప్పు కాసేపు ఊరుకుంది.
తర్వాత తెరుచుకుంది.
పదకొండయినా ఆరిపోని వెలుతురులో
పొడుగు లోదుస్తులతో, పేస్టు గొట్టం పిడికిట్లో పట్టుకుని,
ఆయన రాళ్ళ మీద తూలుకుంటూ డబ్బాల వైపు నడిచాడు,
పొదల్లో ఎవరూ ఉలిక్కిపడకుండా
పైకే మాట్లాడుతూ, వానల గురించి,
వాళ్ళావిడ మోకాలి గురించి.
సగం దూరం వెళ్ళి వెనక్కొచ్చాడు.
"చిల్లర ఉందా?"

పొద్దున్న ఒక డబ్బా పెట్టినచోట లేదు.
ఆల్డర్ పొదల కింద బోర్లా దొరికింది,
ఒంటి మీద నాలుగు కొత్త గీతలు.
లోపల ఓట్స్, జున్ను, కాస్త పిప్పరమెంటు వాసన.
"ఆకలితో పోయాడు పాపం" అన్నాడు హెల్‌స్ట్రమ్ గారు.
అవునన్నాను.
పోటు మళ్ళీ ఎక్కేలోపు ఓట్స్ ఉడకాలి, నేను దిగిపోయాను.

ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు,
బెర్రీల వాలు వైపు సాగిన అడుగుల్లో ఒకదానిలో
వేళ్ళన్నీ చాచి తన చెయ్యి ఆనించి.
చుట్టూ చాలా చోటు మిగిలింది.